బొమ్మ నోట బూతు

(మా గ్రంథాలయంలో ఆదివారం సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా? ఆ... సరే.

కార్యదర్శి గారు ఫోన్ చేసి "మీరు యానిమేషన్‌లో పనిచేశారు కదా, దాని గురించి మాట్లాడండి, పిల్లలు కూడా వస్తారు" అన్నారు. అలాగేనండీ అన్నాను. తర్వాత నా టాపిక్ చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత మెల్లిగా, "మాటలు కాస్త చూసుకుని..." అన్నారు. చూసుకుంటాను లెండి. బూతు గురించి గంటసేపు, బూతు రాకుండా మాట్లాడటం. ఇవాళ నాకు పెట్టిన పరీక్ష అది. తప్పితే కార్యదర్శి గారు బెల్లు కొడతారు.

నేను పన్నెండేళ్లు హైదరాబాదులో ఒక స్టూడియోలో పనిచేశాను. బయటి దేశాల సీరియళ్లకి ఇన్‌బిట్వీన్లు, అంటే ఒక భంగిమకీ ఇంకో భంగిమకీ మధ్య వచ్చే బొమ్మలు, గీసేవాళ్లం. తర్వాత నన్ను లిప్‌సింక్‌లో వేశారు. పాత్ర "అ" అంటే ఏ నోరు పెట్టాలి, "మ" అంటే ఏ నోరు పెట్టాలి, అదీ పని. రోజంతా బొమ్మలకి నోళ్లు పెట్టేవాణ్ణి. కాబట్టి బొమ్మ నోట ఏ మాట వస్తుంది, అది ఎందుకు చెల్లుతుంది అన్నది నాకు పాండిత్యం కాదు, కడుపుకూటి వ్యవహారం.

అసలు కథ అమెరికాది. కానీ మొదలుపెట్టేది మాత్రం మన ఊళ్లోనే. అనంతపురం వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? చేయెత్తండి. ఆ, ఇద్దరు ముగ్గురున్నారు. తోలుబొమ్మలాట చూశారా? రామాయణం నడుస్తుంటుంది. లక్ష్మణుడు మూర్ఛపోయాడు, హనుమంతుడు సంజీవికి బయల్దేరాడు, ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు తెర మీదికి ఎవరొస్తారు? కేతిగాడు! వెనకే బంగారక్క. జుట్టుపోలిగాడు. ఇక వాళ్లు ఆడే మాటలు... కార్యదర్శి గారు నన్నే చూస్తున్నారు, చెప్పను. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వేది. అదే మాట మర్నాడు పొద్దున బజార్లో ఎవడైనా అంటే? పంచాయితీ అయ్యేది. చెప్పులు లేచేవి.

మనిషి అంటే తప్పు, తోలుముక్క అంటే నవ్వు. ఎందుకని? ఈ ప్రశ్న పక్కన పెట్టండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు అమెరికా. కొలరాడోలో ఇద్దరు కుర్రాళ్లు, ట్రే పార్కర్, మాట్ స్టోన్. 1992లో, చదువుకునే రోజుల్లో, రంగు కాగితాలు కత్తిరించి, జిగురు పెట్టి, ఒక్కో ఫ్రేము జరుపుకుంటూ ఒక చిన్న ఫిల్ము తీశారు. 1995లో ఫాక్స్ అనే టీవీ సంస్థలో పనిచేసే ఒకాయన చూసి, "నా స్నేహితులకి క్రిస్మస్ గ్రీటింగ్‌లా పంపుకుంటాను, ఇంకోటి తీయండి" అని డబ్బులిచ్చాడు. తీశారు. ఏసుక్రీస్తుకీ శాంటాక్లాజ్‌కీ కుస్తీ! అది వీడియో క్యాసెట్ మీద క్యాసెట్ కాపీ అయిపోయి ఊళ్లు తిరిగింది. 1997 ఆగస్టు 13న కామెడీ సెంట్రల్ ఛానల్లో 'సౌత్ పార్క్' పేరుతో సీరియల్‌గా మొదలైంది. ఇంకా నడుస్తోంది. నలుగురు పిల్లలు, మంచు కురిసే చిన్న ఊరు, నోరు తెరిస్తే వినలేని మాటలు. మొదటి ఎపిసోడ్ నిజంగా కాగితాలతోనే చేశారు, మూడు నెలలు పట్టింది. తర్వాత కంప్యూటర్ వచ్చింది. కానీ కంప్యూటర్‌తో ఏం చేశారో తెలుసా? కత్తిరించిన కాగితంలా కనబడేట్టు చేశారు! మా స్టూడియోలో మేం బొమ్మ నిజంలా కనబడాలని చచ్చేవాళ్లం. వాళ్లు లక్షల డాలర్ల మెషీన్లు పెట్టి, చిన్నపిల్లాడు అతికించినట్టు కనబడేలా కష్టపడ్డారు. నాకు చాలా రోజులు అర్థం కాలేదు ఇది. తర్వాత కేతిగాడు గుర్తొచ్చాడు. రాముడి బొమ్మ ఎంత నగిషీగా ఉంటుంది! కేతిగాడి బొమ్మ చూడండి, వంకర టింకర. బూతు పలికే బొమ్మ అందంగా ఉండకూడదు. ఉంటే మనిషిలా కనబడుతుంది. మనిషిలా కనబడితే నవ్వు రాదు.

ఎనిమిదేళ్ల నిజం పిల్లాడి చేత ఆ డైలాగులు చెప్పించండి, చూడలేం. కెన్నీ అని ఒక పిల్లాడుంటాడు. మొదటి రోజుల్లో దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ ఘోరంగా చస్తాడు, మళ్లీ వారం హాయిగా బడికొస్తాడు. కాగితం కదా.

సరే, చట్టం సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఎక్కువ విసిగించను. అమెరికాలో యాంటెన్నాకి వచ్చే ఛానళ్లు వేరు, కేబుల్ ఛానళ్లు వేరు. ఫాక్స్ లాంటి వాటి మీద ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ పెత్తనం ఉంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది లోపు అసభ్యం వేస్తే జరిమానా. కేబుల్‌కి ఆ రూలు లేదు. అందుకే 'సింప్సన్స్', 'ఫ్యామిలీ గై' అనే కార్టూన్ సీరియళ్లు ఫాక్స్‌లో వస్తాయి కాబట్టి కొంచెం ఒళ్లు దగ్గరపెట్టుకుంటాయి. సౌత్ పార్క్ కేబుల్‌లో, రాత్రి పదికి వచ్చేది. దాన్ని ఆపగలిగేది ఇద్దరే: ఛానల్ యజమాని, ప్రకటనలిచ్చేవాడు. చట్టం కాదు. ఇది గుర్తుంచుకోండి.

2001 జూన్‌లో ఒక ఎపిసోడ్ వచ్చింది. మలానికి ఇంగ్లీషులో మొరటు మాట ఒకటుంది కదా. మనం "పెంట" అన్నట్టు. దాన్ని ఆ ఒక్క ఎపిసోడ్‌లో 162 సార్లు పలికారు. నేను లెక్కపెట్టలేదండీ. వాళ్లే లెక్కపెట్టారు! తెర ఎడమవైపు కింద మూలన ఒక అంకెల పెట్టె. మాట వచ్చినప్పుడల్లా టక్కున ఒకటి పెరుగుతుంది. ఆటో మీటరు లాగా. మొదట్లో మీకు నవ్వొస్తుంది. ముప్ఫై దాటేసరికి మాట వినడం మానేసి మీటరు చూస్తారు. వందకి వచ్చేసరికి ఆ మాటలో ఇక ఏమీ లేదు. చప్పుడు, అంతే. కథలో ఒక టీవీ సీరియల్‌లో ఆ మాట మొదటిసారి పలుకుతారని ఊరంతా పండగ చేసుకుంటుంది. తర్వాత అందరూ అదే మాట. చివరికి మహమ్మారి పుట్టి జనం చస్తారు. ఎందుకంటే అది శాపం. తిట్టుకీ శాపానికీ ఇంగ్లీషులో మాట ఒకటే కదా, ఆ శ్లేష పట్టుకున్నారు. అంటే ఏం చెప్పారు? బూతుకి ఉన్న బలమంతా దాన్ని దాచుకోవడంలోనే ఉందని. 162 సార్లు బూతాడి, బూతాడకండర్రా అని చెప్పారు! మా నాన్నగారు నన్ను తిట్టకురా అని తిట్టినట్టు.

ముందు వరసలో తెలుగు మాస్టారు నవ్వుతున్నారు. మాస్టారూ, ఇప్పుడు మీ సబ్జెక్టులోకే వస్తున్నాను, తప్పుంటే దిద్దండి. మన ఆలంకారికులు అశ్లీలాన్ని కావ్యదోషంగా చెప్పారు. ఊరికే వదిలేశారా? మనవాళ్లు దేన్నైనా లెక్క కట్టందే వదలరు కదా. మూడు రకాలన్నారు. వ్రీడ, అంటే సిగ్గు పుట్టించేది. జుగుప్స, ఛీ అనిపించేది. మూడోది అమంగళం, చావునీ కీడునీ గుర్తుచేసేది. నేనిది చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. ఇదేదో సౌత్ పార్క్ రైటర్ల గదిలో గోడ మీద రాసుకున్న లిస్టులా ఉందే! శృంగారం, పెంట, చావు. వాళ్ల సరుకంతా ఈ మూడు గంపల్లోనే. అయితే మొదటి రెండిటితో పెద్ద గొడవలు రావు. తల్లులు ఉత్తరాలు రాస్తారు, ఆగిపోతుంది. మూడోదానితోనే చేయి కాలుతుంది.

టెరీ షయావో పేరు విన్నారా? ఫ్లోరిడాలో ఒకావిడ. 1990లో కుప్పకూలింది, మెదడు దెబ్బతింది, పదిహేనేళ్లు మంచం మీదే. గొట్టంతో తిండి. భర్తేమో గొట్టం తీసేయండి, ఆవిడ ఇలా బతకాలనుకోలేదు అన్నాడు. తల్లిదండ్రులు వద్దన్నారు. కోర్టులు, మళ్లీ కోర్టులు. చివరికి పార్లమెంటు చట్టం చేసింది, ప్రెసిడెంటు అర్ధరాత్రి దాటాక లేచి సంతకం పెట్టాడు. టీవీలో రోజంతా ఆవిడ మొహమే. నోరు కొంచెం తెరుచుకుని, చూపు ఎక్కడో... 2005 మార్చి 18న గొట్టం తీసేశారు. ఆవిడ 31న పోయింది. సౌత్ పార్క్ ఎపిసోడ్ ఎప్పుడొచ్చింది? మార్చి 30న. ఒక్క రోజు ముందు!

ఏమంటారు? ప్రాణం పోతున్న మనిషి మీద కార్టూనా? నేనూ అదే అన్నాను. ఛీ అన్నాను. తర్వాత చూశాను.

కెన్నీ వీడియో గేములో మొనగాడు. ఐస్‌క్రీం బండి గుద్ది చచ్చి స్వర్గానికి వెళ్తాడు. అక్కడ సైతానుతో యుద్ధం, సైన్యాన్ని నడపడానికి వీడు కావాలి. ఇంతలో కింద డాక్టర్లు గొట్టం పెట్టి వీణ్ణి బతికించేస్తారు. పైన దేవదూతలు తల పట్టుకుంటారు. కింద స్నేహితులు రెండు పార్టీలు. కార్ట్‌మన్ అనే దుర్మార్గుడు గొట్టం తీసేయమంటాడు. ఎందుకు? కెన్నీ గేము మెషీను వీడికి వస్తుందని! మంచి పిల్లలు వద్దంటారు, ప్రేమతో. బయట టీవీ కెమెరాలు, గుంపులు, నినాదాలు. వీలునామాలో చివరి కాగితం మాత్రం కనబడట్లేదు. ఆఖర్న దొరుకుతుంది. లాయరు చదువుతాడు. కెన్నీ ఏం రాసుకున్నాడంటే, నేను ఎప్పుడైనా అలాంటి స్థితికి వస్తే, దేవుడి మీద ఒట్టు, నన్ను ఆ స్థితిలో దేశమంతటికీ టీవీలో మాత్రం చూపించకండి.

అంతే. గదిలో అందరూ తలలు దించుకుంటారు. బయటికి నడుస్తారు.

ఆ వారమంతా ఆవిడ మొహం చూపించని ఛానల్ లేదు. గంభీరంగా, కళ్లు చెమ్మగిల్లజేసుకుని చూపించారు. ఎవరిది అమంగళం, ఎవరిది ఔచిత్యం? ఆవిడ మొహాన్ని బొమ్మగా గీయకుండా, ఎప్పుడూ చచ్చే కాగితం పిల్లాణ్ణి ఆవిడ మంచం మీద పడుకోబెట్టారు చూశారా, అక్కడ నాకు గౌరవం కలిగింది. దీనికి ఆ ఏడాది, టీవీ కార్యక్రమాలకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. ఒక్కో ఎపిసోడ్ ఆరు రోజుల్లో తయారవుతుందక్కడ. గురువారం కథ మొదలుపెట్టి బుధవారం వేస్తారు. మా స్టూడియోలో ఆరు రోజుల్లో ఒక పాత్ర చేత మెట్లు దిగించేవాళ్లం, అదీ ఓవర్‌టైముతో.

ఇంతా చెప్పాను కదా అని నన్ను వాళ్ల భజనపరుణ్ణి అనుకోకండి. ఎన్నో ఎపిసోడ్లు ఉత్త పెంటే. దాని వెనక ఏమీ ఉండదు. పైగా వాళ్లకో జబ్బుంది, దేన్నైనా గట్టిగా నమ్మే ప్రతివాణ్ణీ వెర్రివాడిగా చూపించడం. 2006లో వాతావరణం వేడెక్కుతోందని చెప్పిన మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్‌ని, లేని భూతం కోసం తిరిగే పిచ్చివాడిగా చేశారు. పన్నెండేళ్ల తర్వాత, 2018లో, ఆ భూతం నిజంగానే వచ్చిందని, పిల్లల చేత ఆయనకి క్షమాపణ చెప్పించారు. చెప్పారు, సంతోషం. ఈలోగా ఆ కార్టూన్ చూసి నవ్విన కుర్రాళ్లకి పెళ్లిళ్లయిపోయాయి.

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్నకి వస్తాను. ఇందులో మన తెలుగు కుర్రాడు ఒకడున్నాడు. హరి కొండబోలు. న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగాడు, అమ్మానాన్నలు ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లు. స్టాండప్ కామెడీ చేస్తాడు. చిన్నప్పటి నుంచీ సింప్సన్స్ అంటే పిచ్చి, అది చూసే కామెడీ నేర్చుకున్నానని చెబుతాడు. ఆ సింప్సన్స్‌లో అపు అని ఒక కిరాణా కొట్టాయన. 1990లో మొదటిసారి కనబడ్డాడు. ఇంటిపేరు నేను పలకలేను, ఏ భాషదో కూడా తెలియదు. అంత పొడుగు. మనకి ఇంటిపేర్లు పొడుగే గానీ, మరీ అంత కాదు. గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా, తెల్లాయన. ఆ యాస వింటే చాలు, ఏ మాట చెప్పినా అక్కడ జనం నవ్వుతారు.

ఇందులో బూతు ఉందా? లేదు. జుగుప్స? లేదు. అమంగళం? లేదు. ఆలంకారికుల లెక్కలో అపు శుద్ధంగా పాసైపోతాడు. ఇంకా చెప్పాలంటే మంచి మనిషి, కష్టజీవి, ఊళ్లో చాలామంది కన్నా తెలివైనవాడు. మరి బాధేమిటి?

బాధేమిటంటే, బళ్లో. 2017లో హరి దీని మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. దక్షిణాసియా నటీనటుల్ని కూర్చోబెట్టి అడిగాడు. మిమ్మల్ని చిన్నప్పుడు బళ్లో అపు అని ఏడిపించారా? ఒక్కొక్కరూ అవుననే వాళ్లే. కొట్లో అపు చెప్పే "థాంక్యూ, కమ్ అగైన్" అన్న ముక్క ఆ యాసలో పిల్లలు వీళ్ల మొహం మీద అనేవాళ్లు. వీళ్ల నాన్న కొట్టు నడపడు, డాక్టరు. అయినా అదే.

ఇదిగో, ఇక్కడ దొరికింది నాకు కేతిగాడి జవాబు. మా ఊళ్లో కేతిగాణ్ణి చూసి ఎవడూ బాధపడలేదెందుకు? కేతిగాడు ఎవరి తరఫునా రాలేదు కనక. ఊరినిండా మనుషులున్నారు, అన్ని రకాలూ ఉన్నారు, వాళ్ల మధ్య ఆ తోలుముక్క ఉత్త తోలుముక్కే. అమెరికా టీవీలో 1990లలో మనలాంటి మొహం ఎన్ని? దాదాపు అపు ఒక్కడే. ఉన్నది ఒక్క బొమ్మే అయితే అది ఇక బొమ్మ కాదండీ. బయట తిరిగే ప్రతి గోధుమరంగు పిల్లాడూ ఆ బొమ్మ అవుతాడు. సింప్సన్స్‌లో ఇంటి పెద్ద హోమర్‌ని తాగుబోతు, మొద్దు అని చూపించారు. ఏ తెల్లపిల్లాణ్ణీ బళ్లో హోమర్ అని ఏడిపించరు. ఎందుకంటే తెల్లవాళ్ల బొమ్మలు టీవీలో వెయ్యున్నాయి.

సింప్సన్స్ వాళ్లు ఎలా జవాబిచ్చారు? 2018 ఏప్రిల్‌లో, లీసా అనే చిన్నపిల్ల, ఆ ఇంట్లో అందరికన్నా న్యాయం మాట్లాడే పిల్ల, కెమెరా వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అంటుంది. పక్కన బల్ల మీద అపు ఫోటో. నాకు చిరాకేసింది. బూతు కన్నా ఇది మొరటు. ఆ మాట ఎవరి నోట పెట్టారు? లీసా నోట! అపు పక్షాన నిలబడవలసిన పిల్ల నోట. నోళ్లు పెట్టే పని చేసినవాణ్ణి కదా, అది నాకు గట్టిగా తగిలింది. చివరికి అజారియా మాత్రం ఆలోచించాడు. 2020లో ఆ గొంతు ఇవ్వనన్నాడు, 2021లో బాహాటంగా క్షమాపణ చెప్పాడు. తర్వాత హరీ ఆయనా రేడియోలో కూర్చుని మాట్లాడుకున్నారు కూడా.

ఇదే "ఒక్కడే" అన్న సంగతి సౌత్ పార్క్ వాళ్లకి ముందే తెలుసు. వాళ్ల ఊళ్లో నల్లజాతి పిల్లాడికి మొదట్లో ఉన్న పేరేమిటో తెలుసా? టోకెన్. పేరుకి ఒకణ్ణి పెట్టామని వాళ్లని వాళ్లే వెక్కిరించుకున్నారు. 2007లో ఒక ఎపిసోడ్‌లో, ఆ నలుగురు పిల్లల్లో ఒకడైన స్టాన్ వాళ్ల నాన్న టీవీ పోటీలో అక్షరాలు నింపుతూ, నల్లవాళ్లని తిట్టే ఆ ఘోరమైన మాటని దేశమంతా చూస్తుండగా అరిచేస్తాడు. అసలు జవాబు వేరే మాట. అక్కడి నుంచి ఆ తిట్టు నలభైసార్లకి పైగా వినబడుతుంది, కోత లేకుండా. స్టాన్ వెళ్లి టోకెన్‌తో, మా నాన్న జాతిద్వేషి కాదురా, పొరపాటున అన్నాడు అంటాడు. టోకెన్ మొహం తిప్పుకుంటాడు. మళ్లీ వెళ్తాడు, ఆ మాట ఎంత బాధో నాకు అర్థమైందిలే అంటాడు. వాడు ఊరుకోడు. ఎన్నిసార్లు వెళ్లినా అంతే. ఆఖరికి స్టాన్ అంటాడు, నాకు అర్థం కాదు, ఎప్పటికీ కాదు, ఎవరైనా ఆ మాటంటే నీకెలా ఉంటుందో నాకు తెలిసే దారే లేదు. అప్పుడు టోకెన్ ఇటు తిరిగి, ఇప్పుడు అర్థమైంది నీకు అంటాడు. చూడండి, నలభైసార్లు అన్న తిట్టు ఇక్కడ ఎవరి వీపు మీద పడింది? స్టాన్ వాళ్ల నాన్న మీద. అపు దగ్గర ఒక్క తిట్టూ లేదు, దెబ్బ మాత్రం మన పిల్లల మీద.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. 2010లో ఫ్యామిలీ గైలో డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక అమ్మాయి పాత్ర వచ్చింది. మా అమ్మ అలాస్కా మాజీ గవర్నరు అంటుంది. నిజంగా ఆ మాజీ గవర్నరు సారా పేలిన్. ఆవిడ కొడుక్కి ఆ స్థితి ఉంది. ఆవిడకి కోపమొచ్చింది, రాదా? కానీ ఆ పాత్రకి గొంతిచ్చింది ఆండ్రియా ఫే ఫ్రీడ్‌మన్, తనకీ డౌన్ సిండ్రోమే. పేలిన్‌కి హాస్యం తెలియదని, తన తల్లిదండ్రులు తనని హాస్యం తెలిసేలా, అందరిలాగే బతికేలా పెంచారని జవాబిచ్చింది. ఎవరి పక్షం తీసుకుంటారు? నేను ఇప్పటికీ ఊగుతూనే ఉన్నాను. తల్లిది నిజమే. ఈ అమ్మాయిదీ నిజమే. నా పని చూసి నవ్వకండి అని ఆ అమ్మాయి అడగలేదు, నాకూ నవ్వించే హక్కుంది అంది.

ఎవరో చీటీ పంపారు. "మరి ఇదంతా ఆపేవాళ్లు లేరా?" ఉన్నారండీ, ఇందాక చెప్పాను, యజమాని. 2025 జులైలో ఆ యజమాని, పారామౌంట్ కంపెనీ, ట్రంప్ వేసిన దావాలో కోటీ అరవై లక్షల డాలర్లిచ్చి రాజీపడింది. అదే నెలలో సౌత్ పార్క్ వాళ్లకి ఐదేళ్లకి 150 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. వెంటనే వచ్చిన ఎపిసోడ్‌లో వీళ్లు ట్రంప్‌ని సైతాను పక్కలో పడుకోబెట్టారు, సొంత కంపెనీ రాజీనీ ఎగతాళి చేశారు. అంత డబ్బు తెచ్చే బొమ్మని ఎవరాపుతారు? కాబట్టి ధైర్యం ఎంత, బేరం ఎంత అన్నది మీరే చూసుకోండి.

యజమాని ఆపింది ఒకటుంది. అది చెప్పి కూర్చుంటాను. 2001లో సౌత్ పార్క్‌లో మతాల మహనీయులంతా కలిసి ఒక జట్టుగా వచ్చారు. మన కృష్ణుడు కూడా ఉన్నాడందులో. ఇస్లాం ప్రవక్త కూడా. అప్పుడు ఏ గొడవా లేదు. ఆ తర్వాత డెన్మార్క్‌లో ఒక పత్రిక ప్రవక్త మీద వేసిన కార్టూన్ల గొడవ, చావులు. 2010 ఏప్రిల్‌లో వాళ్ల 200వ ఎపిసోడ్. ప్రవక్తని చూపించవచ్చా, కూడదా అన్న తగాదా మీదే కథ. ప్రవక్త రూపం చూపించడం ఆ మతస్థులకి నిజంగా నొప్పి, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ నొప్పి అన్నవాళ్లు వేరు, చంపుతామన్నట్టు రాసినవాళ్లు వేరు. ఒక వెబ్‌సైట్ వాళ్లు, అంతకుముందు హత్యకి గురైన డచ్ డైరెక్టర్ ఫొటో పెట్టి, మీకూ ఇదే గతి పట్టొచ్చు అన్నారు. మరుసటి వారం 201వ ఎపిసోడ్‌లో ఛానల్ వాళ్లు ప్రవక్త పేరు వచ్చిన ప్రతిచోటా అది వినబడకుండా బీప్ అని కూత వేశారు. అక్కడితో ఆగారా? చివర్లో పిల్లాడు కైల్ నిలబడి ఈ వారం నేనేం నేర్చుకున్నానంటే అని మాట్లాడతాడు, ప్రతిసారీ ఉండేదే అది. ఆ మాటల్లో ప్రవక్త పేరే లేదు, భయపెట్టి పని సాధించడం గురించి మాట్లాడాడు, అంతే. మొత్తం కూత. మొదటి అక్షరం నుంచి ఆఖరి దాకా. అది జోకేమో అనుకున్నారు జనం. కాదు, మేం చేసింది కాదు అని పార్కర్, స్టోన్ చెప్పాల్సి వచ్చింది.

ఒక మిత్రుడి దగ్గర ఆ రికార్డింగు ఉంటే చూశాను. లిప్‌సింక్ వాణ్ణి కదా, పెదాలు చూసి చదివేద్దామనుకున్నాను. ఆపి, ఒక్కో ఫ్రేమూ జరిపి, ఒక రాత్రంతా కూర్చున్నాను. ఏమీ దొరకలేదు. అది కాగితం నోరండీ. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.